తయారీకి నోచుకోని విమాన ఇంజిన్‌ను కాగితం మీద పరీక్షించడం ఎలా?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక విమానాల కోసం రూపొంది, టెస్ట్ స్టాండ్ మీద తిరిగి, ఒక్కోసారి ఆకాశంలోకి కూడా వెళ్లి, ఫ్యాక్టరీ ఉత్పత్తికి మాత్రం చేరకుండానే ఆగిపోయిన పిస్టన్ ఇంజిన్లు చాలా ఉన్నాయి. వాటి గురించి రాసేవారు సాధారణంగా అంతటి ఇంజిన్ మళ్లీ రాలేదని పొగుడుతారు, లేదా జెట్ వచ్చింది కాబట్టి దీని పని అయిపోయిందని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఆ ఇంజిన్‌లో బలం ఎక్కడుంది, బలహీనత ఎక్కడుంది అన్నది వాటితో తెలియదు. అది తెలియాలంటే మనమే లెక్క వేయాలి. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం), స్ట్రోక్ (పిస్టన్ ఒకవైపుకు కదిలే దూరం), సిలిండర్ల సంఖ్య, ఆర్‌పీఎం, హార్స్‌పవర్, బరువు అనే ఆరు అంకెలు దొరికితే చాలు, డెబ్బై ఎనభై ఏళ్ల క్రితం ఆగిపోయిన ఇంజిన్‌ను తిరుపతిలో బల్ల ముందు కూర్చుని పరీక్షించవచ్చు.

ఈ పద్ధతిని పాలిటెక్నిక్‌లోనో, ఎస్వీయూ ఇంజినీరింగ్ కళాశాలలోనో మెకానికల్ చదువుతున్న విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అయితే ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివిన ఎవరైనా దీన్ని అనుసరించగలరు. ఫోన్‌లో ఉండే క్యాలిక్యులేటర్, ఒక నోటుపుస్తకం, గీత గీయడానికి చార్టు, వృత్తలేఖిని, కోణమానిని సరిపోతాయి. ఒక వెర్నియర్ క్యాలిపర్స్ దొరికితే మరీ మంచిది. దాని అవసరం ఏమిటో కాసేపట్లో చెబుతాను.

ఉదాహరణగా లైకమింగ్ సంస్థ అమెరికా సైన్యం కోసం రూపొందించిన ఎక్స్‌ఆర్-7755ను తీసుకుందాం. విమానాల కోసం నిర్మించిన పిస్టన్ ఇంజిన్లలో అతి పెద్ద వాటిలో ఇదొకటి. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు తెరుచుకున్న 1944లోనే ఇది పెన్సిల్వేనియాలో టెస్ట్ స్టాండ్ మీద తిరిగింది. 1946లో ప్రాజెక్టు ముగిసింది. ఏ విమానానికీ దీన్ని బిగించలేదు. మిగిలిన ఒక్క ఇంజిన్ ఇప్పుడు స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన విమాన, అంతరిక్ష మ్యూజియం వద్ద ఉంది.

పేరులోనే ఉన్న సమాచారం

అమెరికా సైనిక ఇంజిన్ల పేర్లను ముందుగా చదవడం నేర్చుకోవాలి, ఎందుకంటే అందులోనే సగం సమాచారం ఉంటుంది. మొదట వచ్చే ఎక్స్ అక్షరం ప్రయోగ దశను సూచిస్తుంది. ఆర్ అంటే రేడియల్, అంటే క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ సిలిండర్లు అమర్చిన ఇంజిన్. వీ అక్షరం వీ ఆకారాన్ని, ఓ అక్షరం సిలిండర్లు ఎదురెదురుగా పడుకున్న అమరికను తెలుపుతాయి. ఆ తర్వాత వచ్చే సంఖ్య సిలిండర్ల మొత్తం ఘనపరిమాణం, ఘనపు అంగుళాల్లో, దగ్గరి 0 లేదా 5 అంకెకు సవరించి రాసింది. చివర చిన్న గీత తర్వాత వచ్చే సంఖ్య బేసి అయితే ఆ రకం సైన్యానికి, సరి అయితే నౌకాదళానికి ఉద్దేశించినది. మన ఇంజిన్‌లో 1, 3, 5 అనే రకాలు కనిపిస్తాయి కాబట్టి ఇది సైన్యపు వైమానిక దళం డబ్బుతో నడిచిన పని అని పేరు చూసే చెప్పవచ్చు.

ఈ పద్ధతి మనకు పూర్తిగా పరాయిదేమీ కాదు. భారత వైమానిక దళంలో కొత్తగా చేరిన పైలట్లకు చాలాకాలం శిక్షణ ఇచ్చిన హెచ్‌ఏఎల్ హెచ్‌పీటీ-32 దీపక్ విమానంలో ఉన్నది ఇదే లైకమింగ్ సంస్థ చేసిన ఏఈఐఓ-540 ఇంజిన్. ఆ 540 కూడా ఘనపు అంగుళాల సంఖ్యే. దాని అంకెలు కూడా పక్కన రాసి పెట్టుకోండి: 6 సిలిండర్లు, బోర్ 5.125 అంగుళాలు, స్ట్రోక్ 4.375 అంగుళాలు, 2,700 ఆర్‌పీఎం వద్ద 260 హార్స్‌పవర్. ముందుముందు పోలికకు ఇది బాగా ఉపయోగపడుతుంది.

మొదటి లెక్క బుల్లెట్ మీద

పెద్ద ఇంజిన్ మీదికి నేరుగా వెళ్లవద్దు. కళ్ల ముందున్న, చేత్తో తాకగల ఇంజిన్ మీద ఒకసారి మొత్తం లెక్క వేసి చూసుకుంటే, తర్వాత వచ్చే అంకెలు ఎంత పెద్దవో మనసుకు అందుతాయి. అందుకు పాత 346 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మోటార్ సైకిల్ ఇంజిన్ చాలా అనుకూలం, ఎందుకంటే దానిలో ఒకే సిలిండర్ ఉంటుంది, అంకెలు గుండ్రంగా ఉంటాయి, పైగా తిరుపతిలో ఎక్కడైనా దొరుకుతుంది. బోర్ 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 90 మిల్లీమీటర్లు. కార్బురేటర్‌తో వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజిన్) రకానికి కంపెనీ ప్రకటించిన శక్తి 5,250 ఆర్‌పీఎం వద్ద 19.8 హార్స్‌పవర్.

రేణిగుంట రోడ్డు వైపు లేత్ షాపులకు వెళితే బోర్ పనికి వచ్చిన బుల్లెట్ బ్లాకు ఏదో ఒకటి కనిపిస్తుంది. "అన్నా, ఈ బ్లాకును ఒకసారి కొలుచుకోవచ్చా?" అని మర్యాదగా అడిగితే కాదనేవారు అరుదు. "కొలుచుకో నాయనా, లోపల గీత మాత్రం పడనీకుండా చూసుకో" అంటారు. ఆ జాగ్రత్త నిజంగా అవసరం. వెర్నియర్ లోపలి దవడలను సిలిండర్ గోడకు మెత్తగా ఆనించి, పై అంచుకు కాస్త దిగువన ఒకసారి, క్యాలిపర్స్‌ను తొంభై డిగ్రీలు తిప్పి మరోసారి కొలవండి. పాత బ్లాకులో ఈ రెండు కొలతలు సరిగ్గా ఒకటిగా రావు. పిస్టన్ పక్కకు ఒత్తే దిక్కున గోడ ఎక్కువగా అరిగి, రంధ్రం కాస్త అండాకారానికి తిరిగి ఉంటుంది. పైన ఎక్కడైతే పిస్టన్ రింగు ఆగి వెనక్కి మళ్లుతుందో అక్కడ గోరుకు తగిలే చిన్న మెట్టు కూడా ఉంటుంది. ఆ మెట్టు మీద వేలు పెట్టి చూసిన విద్యార్థికి పిస్టన్ వేగం ఇంజిన్ ఆయుష్షును నిర్ణయిస్తుందన్న మాట వేరే చెప్పనక్కరలేదు.

ఇక లెక్క. సిలిండర్ వైశాల్యాన్ని స్ట్రోక్‌తో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. సెంటీమీటర్లలో 3.1416 ÷ 4 × 7 × 7 × 9 = 346.4 ఘనపు సెంటీమీటర్లు. కంపెనీ చెప్పిన 346 సరిపోయింది.

ఇప్పుడు అదే సూత్రాన్ని ఎక్స్‌ఆర్-7755కు వర్తింపజేయండి. బోర్ 6.375 అంగుళాలు, స్ట్రోక్ 6.75 అంగుళాలు, సిలిండర్లు 36. అంగుళాన్ని 2.54తో గుణించి సెంటీమీటర్లలోకి మార్చితే బోర్ 16.19, స్ట్రోక్ 17.145. ఒక్కో సిలిండర్‌కు దాదాపు 3,530 ఘనపు సెంటీమీటర్లు, అంటే ఒక్క సిలిండర్‌లోనే పది బుల్లెట్ ఇంజిన్ల ఘనపరిమాణం ఉంది. మొత్తం 127.1 లీటర్లు. పేరులోని 7755 ఘనపు అంగుళాలను లీటర్లలోకి మార్చినా ఇదే వస్తుంది. పేరులోని సంఖ్యకూ మీ లెక్కకూ పొంతన కుదరకపోతే ముందుకు వెళ్లకండి. మీరు తీసుకున్న బోరో, స్ట్రోకో వేరే ఇంజిన్‌దై ఉంటుంది.

అసలు పరీక్ష: మూడు అంకెలు

ఏ ఇంజిన్‌నైనా తూచడానికి నేను మూడు అంకెలను మాత్రమే నమ్ముతాను. అవి సగటు పిస్టన్ వేగం, బీఎంఈపీ (బ్రేక్ మీన్ ఎఫెక్టివ్ ప్రెషర్), లీటరుకు వచ్చే హార్స్‌పవర్.

సగటు పిస్టన్ వేగం తెలుసుకోవడం తేలిక. క్రాంక్ ఒక చుట్టు తిరిగితే పిస్టన్ స్ట్రోక్ దూరాన్ని రెండుసార్లు నడుస్తుంది. కాబట్టి స్ట్రోక్‌ను మీటర్లలో తీసుకుని, 2తో, ఆర్‌పీఎంతో గుణించి, 60తో భాగించాలి. బుల్లెట్‌కు 2 × 0.09 × 5,250 ÷ 60 = 15.75, అంటే సెకనుకు 15.75 మీటర్లు. ఎక్స్‌ఆర్-7755కు 2,600 ఆర్‌పీఎం వద్ద 14.86 మీటర్లు. దీపక్ ఇంజిన్‌కు సరిగ్గా 10 మీటర్లు. విద్యార్థుల ఎదుట అడిగినప్పుడు ఎక్కువమంది పెద్ద ఇంజిన్‌లో పిస్టన్ వేగం కూడా పెద్దదని అనుకుంటారు. అలా ఉండదు. పిస్టన్, కనెక్టింగ్ రాడ్ ప్రతి చివరా ఆగి వెనక్కి తిరగాలి. ఆ తిరుగుడులో పుట్టే ఒత్తిడిని లోహం ఎంతవరకు భరిస్తుందో, గోడకూ రింగుకూ మధ్య నూనె పొర ఎంతవరకు నిలుస్తుందో అదే హద్దు. సుదీర్ఘకాలం నమ్మకంగా తిరగవలసిన ఆనాటి విమాన ఇంజిన్లకు ఆ హద్దు సెకనుకు 15 మీటర్ల చుట్టుపక్కలే ఉండేది. అందుకే స్ట్రోక్ పెరిగిన కొద్దీ ఆర్‌పీఎం తగ్గించక తప్పదు. 2,600 ఆర్‌పీఎం అన్న అంకె 6.75 అంగుళాల స్ట్రోక్ నుంచి వచ్చిందే.

రెండో అంకె బీఎంఈపీ. పవర్ స్ట్రోక్ పొడవునా పిస్టన్ మీద ఒకే స్థిరమైన పీడనం పనిచేసి ఉంటే, షాఫ్ట్ దగ్గర కొలిచిన శక్తి రావడానికి ఆ పీడనం ఎంత ఉండాలో ఈ అంకె చెబుతుంది. శక్తిని వాట్లలో రాసి 2తో గుణించి, లీటర్లను ఘనపు మీటర్లలోకి మార్చిన ఘనపరిమాణంతోనూ, సెకనుకు ఎన్ని చుట్లో ఆ సంఖ్యతోనూ భాగించండి. ఒక హార్స్‌పవర్ అంటే 745.7 వాట్లు. వచ్చిన పాస్కల్ విలువను లక్షతో భాగిస్తే బార్‌లలోకి వస్తుంది. 2తో గుణించడం దేనికంటే, నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో రెండు చుట్లకు ఒకసారే పవర్ స్ట్రోక్ వస్తుంది.

బుల్లెట్‌కు ఈ లెక్క వేస్తే 9.7 బార్ వస్తుంది. దీపక్ ఇంజిన్‌కు వేస్తే అది కూడా 9.7 బారే. ఒకటి బజారులో తిరిగే మోటార్ సైకిల్, రెండోది యుద్ధ పైలట్లకు శిక్షణ ఇచ్చిన విమానం, అయినా అంకె ఒకటే. కారణం రెండూ బయటి గాలిని తమంతట తామే పీల్చుకునే ఇంజిన్లు కావడమే. వాతావరణ పీడనం దగ్గర సిలిండర్‌లోకి ఎంత గాలి పడుతుందో అంతకు తగిన పెట్రోలే మండుతుంది. ఇప్పుడు ఎక్స్‌ఆర్-7755కు వేయండి. 5,000 హార్స్‌పవర్ అంటే 37,28,500 వాట్లు, 127.1 లీటర్లు, సెకనుకు 43.33 చుట్లు. జవాబు 13.5 బార్. అంటే దీనిలోకి గాలిని సూపర్‌ఛార్జర్ ఒత్తి పంపుతోందని అంకె చూసే చెప్పవచ్చు. అలాగే ఆ ఒత్తడం మరీ తెగించి చేసింది కాదని కూడా చెప్పవచ్చు. ఉత్పత్తిలోకి వెళ్లిన ప్రత్యర్థి, 28 సిలిండర్ల ప్రాట్ అండ్ విట్నీ ఆర్-4360, నీటి ఇంజెక్షన్‌తో 2,700 ఆర్‌పీఎం వద్ద 3,500 హార్స్‌పవర్ ఇచ్చిన రకంలో 16.2 బార్ దాకా వెళ్లింది.

మూడో అంకె లీటరుకు హార్స్‌పవర్. ఇక్కడే ఈ పరీక్షలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఉంది. ఎక్స్‌ఆర్-7755 లీటరుకు 39 హార్స్‌పవర్ ఇస్తుంది. ఆర్-4360 అయితే 49. మన బుల్లెట్ 57. పీడనం తక్కువైన బుల్లెట్, సూపర్‌ఛార్జర్ ఉన్న సైనిక ఇంజిన్‌ను లీటరు లెక్కలో ఎలా దాటింది? పై రెండు సూత్రాలను కలిపి చూస్తే విషయం బయటపడుతుంది. లీటరుకు వచ్చే శక్తి బీఎంఈపీని పిస్టన్ వేగంతో గుణించి, స్ట్రోక్‌కు నాలుగు రెట్లతో భాగించినంత. పిస్టన్ వేగానికి హద్దు ఉంది కాబట్టి, స్ట్రోక్ రెట్టింపైతే లీటరుకు వచ్చే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. బుల్లెట్ స్ట్రోక్ 90 మిల్లీమీటర్లు, దీనిది 171. బోర్ పెరిగినా చిక్కే. 162 మిల్లీమీటర్ల వెడల్పు సిలిండర్‌లో మంట అంచు చివరికి చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఆ లోగా చివరి మూల మిశ్రమం తనంతట తాను అంటుకుంటే నాకింగ్. పిస్టన్ మధ్యలోని వేడి గోడకు చేరవలసిన దూరం కూడా పెరుగుతుంది.

కాబట్టి శక్తి కావాలంటే సిలిండర్‌ను పెంచుకుంటూ పోవడం కుదరదు, సిలిండర్ల సంఖ్యను పెంచాలి. 36 సిలిండర్లు ఆడంబరం కోసం పెట్టినవి కావు. 5,000 హార్స్‌పవర్‌ను ఒకే షాఫ్ట్ మీద రాబట్టాలని నిర్ణయించుకున్నాక లెక్క తీసుకువెళ్లిన చోటు అది. ఈ ఇంజిన్ గురించి నేను అందరికన్నా ముందు చెప్పదలచిన మాట కూడా ఇదే.

చార్టు మీద గీసి చూడండి

అంకెలు వేశాక బొమ్మ గీయాలి, ముందు కాదు. 1:10 కొలతలో గీస్తే మామూలు చార్టు మీద సరిపోతుంది. అసలు ఇంజిన్ పొడవు సుమారు 3 మీటర్లు, వ్యాసం సుమారు ఒకటిన్నర మీటరు. కాబట్టి పక్క నుంచి చూసే బొమ్మకు 30 సెంటీమీటర్ల పొడవు, ముందు నుంచి చూసే బొమ్మకు 15 సెంటీమీటర్ల వ్యాసమున్న వృత్తం కావాలి.

ముందు వృత్తాన్ని కోణమానినితో 40 డిగ్రీల చొప్పున తొమ్మిది భాగాలు చేయండి. ప్రతి గీత మీద కేంద్రానికి దూరంగా 1.6 సెంటీమీటర్ల వెడల్పు సిలిండర్‌ను, దాని పక్కనే 1.7 సెంటీమీటర్ల స్ట్రోక్‌ను గుర్తించండి. తొమ్మిది సిలిండర్ల ఇలాంటి తలాలు ఒకదాని వెనుక ఒకటి నాలుగు ఉంటాయి. ప్రతి సిలిండర్ వెనుక సూటిగా మరో మూడు ఉండడంతో నాలుగేసి సిలిండర్ల తొమ్మిది వరుసలు ఏర్పడతాయి.

సిలిండర్లకు 1 నుంచి 9 దాకా అంకెలు వేసి, ఒకటి విడిచి ఒకటి చొప్పున పెన్సిల్‌తో చుక్క పెట్టుకుంటూ వెళ్లండి: 1, 3, 5, 7, 9, 2, 4, 6, 8. రెండు చుట్లలో అన్నీ సరిగ్గా ఒక్కోసారి వచ్చాయి. ఇప్పుడు పక్కన ఎనిమిది సిలిండర్ల వృత్తం గీసి అలాగే చేయండి: 1, 3, 5, 7, మళ్లీ 1. సరి సంఖ్య సిలిండర్లకు వంతే రాదు. నాలుగు స్ట్రోకుల రేడియల్ ఇంజిన్‌లో ప్రతి తలంలోనూ బేసి సంఖ్య సిలిండర్లు ఎందుకుంటాయో ఈ చుక్కలు పెట్టినవారు ఇక మరచిపోరు. మొత్తం 36 సిలిండర్లు 720 డిగ్రీల్లో సమానంగా పేలితే, 20 డిగ్రీలకు ఒక పవర్ స్ట్రోక్. 2,600 ఆర్‌పీఎం వద్ద సెకనుకు 780.

పక్క బొమ్మలో ఒక ప్రశ్న ఎదురవుతుంది. వరుసకు నాలుగు సిలిండర్లే. గోడలు, నీటి జాకెట్లు కలిపి ఉదారంగా లెక్కించినా అవి ఒక మీటరుకు అటూ ఇటూగా సరిపోతాయి. మరి మూడు మీటర్లు ఎందుకయ్యింది? జవాబులో ఒక భాగం ముందున్న గేరు పెట్టె. ఐదు మీటర్ల ప్రొపెల్లర్‌ను నేరుగా 2,600 ఆర్‌పీఎంతో తిప్పితే దాని కొస వేగం ఎంతో లెక్క వేయండి. 3.1416 × 5 × 43.33, అంటే సెకనుకు 680 మీటర్లు, నేల దగ్గర ధ్వని వేగానికి రెండింతలు. అంత వేగంలో ప్రొపెల్లర్ గాలిని తోయడం మాని షాక్ తరంగాలు పుట్టిస్తుంది. అందుకే వేగం తగ్గించే గేర్లు తప్పవు. ఈ ఇంజిన్‌లో ఆ గేర్లకు రెండు వేగాలు పెట్టారు. 3వ రకంలో ఒకదానిలో ఒకటి దూరిన రెండు షాఫ్టుల మీద రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురు దిక్కుల్లో తిరిగేలా అమర్చారు. 5వ రకంలో కార్బురేటర్ల స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది.

పెట్రోలు లెక్క

ఈ ఇంజిన్ పూర్తి శక్తి వద్ద గంటకు 580 గ్యాలన్ల విమాన పెట్రోలు తాగుతుందని ప్రసిద్ధి. ఇక్కడ జాగ్రత్త. ఇది అమెరికా గ్యాలన్, 3.785 లీటర్లు. బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు. మన పాత పాఠ్యపుస్తకాల్లో ఉన్నది బ్రిటిష్ గ్యాలనే కాబట్టి తడబడే అవకాశం ఎక్కువ. సరిగ్గా మార్చితే గంటకు 2,195 లీటర్లు, నిమిషానికి 36 లీటర్లకు పైగా. లీటరుకు 0.72 కిలోల చొప్పున గంటకు 1,580 కిలోలు. దాన్ని 3,728 కిలోవాట్లతో భాగిస్తే కిలోవాట్ అవర్‌కు 424 గ్రాములు.

కిలో పెట్రోలులో సుమారు 43.5 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. సెకనుకు 0.439 కిలోలు మండితే లోపలికి వెళ్లేది 19 మెగావాట్లు, షాఫ్ట్ మీద వచ్చేది 3.7. సామర్థ్యం 20 శాతానికి కాస్త తక్కువ. ఇది చూసి ఇంజిన్ చెడ్డదని రాసేయవద్దు. టేకాఫ్ సమయంలో అప్పటి ఇంజిన్లన్నిటికీ కావాలనే అవసరానికి మించి పెట్రోలు పోసేవారు. ఆ అదనపు పెట్రోలు ఆవిరవుతూ మిశ్రమాన్ని చల్లబరిచి నాకింగ్‌ను ఆపుతుంది, ఎక్కువ భాగం పూర్తిగా కాలకుండానే బయటికి పోతుంది. అలిపిరి నుంచి నిండు లోడుతో కొండెక్కుతున్న బస్సు మైలేజీని చూసి, అది నెల్లూరు హైవే మీద ఎంత ఇస్తుందో చెప్పలేం. బాంబర్ విమానం విషయంలో టేకాఫ్ కొన్ని నిమిషాలే, మిగిలిన గంటలన్నీ క్రూజ్, అంటే నిలకడగా సాగే దూర ప్రయాణం.

ఈ లెక్క అర్థమైతేనే ఎక్స్‌ఆర్-7755లో అత్యంత తెలివైన భాగం అర్థమవుతుంది. వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్టులు వరుసకు ఒకటి చొప్పున తొమ్మిది ఉన్నాయి. ప్రతి క్యామ్‌షాఫ్టు మీద రెండు జతల క్యామ్‌లున్నాయి, ఒకటి టేకాఫ్ శక్తి కోసం, రెండోది పొదుపుగా క్రూజ్ చేయడం కోసం. క్యామ్‌షాఫ్టును పొడవు దిక్కున కొద్దిగా జరిపితే ఒక జత తప్పుకుని రెండో జత వాల్వుల కిందికి వస్తుంది. టేకాఫ్‌లో వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంచి గాలిని నింపుకోవాలి. క్రూజ్‌లో అలా చేస్తే పెట్రోలు వృథా. కార్ల ఇంజిన్లలో ఇప్పుడు మామూలైన ఈ ఆలోచనను 1944 నాటికి 36 సిలిండర్ల మీద ఆచరణలో పెట్టారంటే, క్లారెన్స్ వీగ్‌మన్ నాయకత్వంలోని బృందం ఏ సమస్యను ఎదుట పెట్టుకుందో తెలుస్తుంది. వాళ్లకు కావలసింది వేగం కన్నా దూరం. సముద్రాలు దాటి వెళ్లి, బాంబులు వేసి, తిరిగి రాగల విమానం, ఆ తర్వాత బీ-36 అనే అమెరికా బాంబర్‌గా రూపుదాల్చిన ఆలోచన, వాళ్ల లక్ష్యం.

బరువు తూచడం, తీర్పు రాయడం

బరువు 6,050 పౌండ్లు, అంటే 2,744 కిలోలు. హార్స్‌పవర్‌కు 0.55 కిలోలు. ఆర్-4360 రకాన్ని బట్టి సుమారు 1,550 నుంచి 1,750 కిలోల మధ్య ఉంటుంది కాబట్టి 3,500 హార్స్‌పవర్‌కు భాగిస్తే 0.44 నుంచి 0.50. ఇక్కడ మరో సంగతి మరవకూడదు. ఇంజిన్ బరువుగా ప్రకటించేది పొడి బరువు, అంటే లోపల ద్రవాలేవీ పోయని బరువు. ఆర్-4360ను గాలి చల్లబరుస్తుంది. ఎక్స్‌ఆర్-7755ను ద్రవం చల్లబరుస్తుంది, కాబట్టి రేడియేటర్లు, పైపులు, వాటిలోని ద్రవం బరువు విడిగా కలపాలి. తేడా ఇంకా పెరుగుతుంది. ద్రవంతో చల్లబరచడం వల్ల లాభమూ ఉంది: నాలుగు తలాల గాలి ఇంజిన్‌లో వెనుక సిలిండర్లకు చల్లని గాలి అందించడం కష్టం, ఆర్-4360లో సిలిండర్లను మెలిక తిరిగిన వరుసల్లో పెట్టి ఆ ఇబ్బందిని అధిగమించవలసి వచ్చింది.

నేను రాసే తీర్పు ఇది. లీటరుకు శక్తిలోనూ, కిలోకు శక్తిలోనూ ఎక్స్‌ఆర్-7755 తన ప్రత్యర్థి కన్నా వెనుకే ఉంది. దాని పక్షాన వాదించగలిగింది ఒకే ఇంజిన్ నుంచి వచ్చే మొత్తం శక్తి, దూర ప్రయాణంలో పొదుపు. కానీ 1946 ఆగస్టులో బీ-36 ఆరు ఆర్-4360 ఇంజిన్లతో గాలిలోకి లేచింది. ఒక్క ఆర్-4360కే 56 స్పార్క్ ప్లగ్గులు, విమానం మొత్తానికి 336. ఇప్పటికే ఉత్పత్తిలో ఉన్న ఇంజిన్‌తోనే నిర్వహణ ఇంత భారమైనప్పుడు, సైన్యం మరింత పెద్ద, మరింత క్లిష్టమైన దానికి కొత్త ఫ్యాక్టరీ పెట్టడానికి కారణం మిగలలేదు. అదనపు శక్తి కావలసి వచ్చినప్పుడు తర్వాతి బీ-36లకు రెక్కల కింద నాలుగు జే47 జెట్ ఇంజిన్లు తగిలించారు. జెట్ వచ్చింది కాబట్టి ఆగిందన్న మాట తప్పు కాదు. అయితే పిస్టన్ ఇంజిన్ అప్పటికే తన లెక్కలోనే హద్దుకు చేరి ఉందని కూడా మీ నోటుపుస్తకంలోని అంకెలు చూపిస్తున్నాయి.

మిగతా ఇంజిన్లకు వర్తింపజేసేటప్పుడు

రోల్స్‌రాయిస్ క్రెసీని తీసుకుంటే బీఎంఈపీ సూత్రంలో 2తో గుణించకండి. 26 లీటర్ల ఆ వీ-12 రెండు స్ట్రోకుల ఇంజిన్, ప్రతి చుట్టుకూ పవర్ స్ట్రోక్ ఉంటుంది. అది విమానంలో ఎగరలేదు, 1945 చివర్లో ఆపేశారు. యుంకర్స్ జూమో 222 వంటి జర్మనీ ఇంజిన్ల శక్తి మెట్రిక్ హార్స్‌పవర్‌లో ఉంటుంది కాబట్టి దాన్ని 745.7తో కాక 735.5తో గుణించాలి. ఏ ఇంజిన్‌కైనా ఆర్‌పీఎం, హార్స్‌పవర్ రెండూ ఒకే స్థితివై ఉండాలి. టేకాఫ్ శక్తిని క్రూజ్ ఆర్‌పీఎంతో కలిపితే బీఎంఈపీ నమ్మలేనంత పెద్దదిగా వస్తుంది. 25 బార్ దాటిందంటే ముందు మీ అంకెలనే అనుమానించండి.

అభ్యాసానికి క్రైస్లర్ ఐవీ-2220 బాగుంటుంది. తలకిందుల వీ ఆకారంలో 16 సిలిండర్లు, బోర్ 5.8 అంగుళాలు, స్ట్రోక్ 5.25 అంగుళాలు, 3,400 ఆర్‌పీఎం వద్ద 2,500 హార్స్‌పవర్. మీకు 36.4 లీటర్లు, సెకనుకు 15.1 మీటర్ల పిస్టన్ వేగం, 18.1 బార్, లీటరుకు 69 హార్స్‌పవర్ రావాలి. ఒక శాతానికి మించి తేడా వస్తే అంగుళాలను మార్చిన చోటుకు తిరిగి వెళ్లండి. సైడ్ వాల్వ్ కార్ ఇంజిన్లు చేసే కంపెనీ తొలిసారి చేసిన విమాన ఇంజిన్ ఈ అంకెలు సాధించిందంటే అది గొప్ప పనే. అయినా 1945లో ఎక్స్‌పీ-47హెచ్ విమానంలో పెట్టి ఎగరేస్తే, గంటకు 789 కిలోమీటర్లు ఆశించిన చోట 666 మాత్రమే వచ్చింది. ఇంజిన్ పేజీలో అన్నీ బాగున్నా విమానం ఎందుకు వెనుకబడిందో తెలుసుకోవడానికి నోటుపుస్తకంలో రెండో పేజీ తెరిచి, విమానం బరువు, రేడియేటర్లకు గాలి పట్టే నోటి వైశాల్యం, ఎంత ఎత్తులో కొలిచిన వేగమో ఆ ఎత్తు రాసుకుని, అక్కడి నుంచి మొదలుపెట్టాలి.